అక్కయ్య గొంతూ, గాలిగది మైకూ

మన దేశంలో 'మైకు' అన్న మాట పడినన్ని పాట్లు మరే ఇంగ్లీషు మాటా పడి వుండదు. కొబ్బరిచెట్టుకు కట్టిన గొట్టం మైకే. బల్లమీద వేడెక్కి కూచునే ఆంప్లిఫయరూ మైకే. రిక్షాలో ఊరంతా తిరిగి సినిమా మారిందని అరిచేదీ మైకే. వీటన్నిటికీ మూలమైన అసలు మైకు, మనిషి నోటి ముందు నిలబడే ఆ గుప్పెడంత వస్తువు, తన పేరు నలుగురికీ పంచిపెట్టి తాను మాత్రం ఎవరికీ పట్టకుండా వుండిపోయింది. పెళ్లివారు వచ్చి "రెండు మైకులు కావాలండీ, ఆయ్" అన్నారంటే రెండు గొట్టాలు కావాలని అర్థం. కోనసీమలో నలభై ఏళ్లపాటు మైకుసెట్లు అద్దెకిచ్చినవాణ్ణి కనుక ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఆ నలభై ఏళ్లలోనూ నేను మైకును ఎండలో నిలబెట్టాను, వానలో గొడుగుకింద నిలబెట్టాను, తీర్థాల్లో దుమ్ముకు అప్పగించాను. దానికి ముగ్గురు శత్రువులు: తడి, దుమ్ము, మాట్లాడే ముందు దాని నెత్తిమీద వేలితో టకటక కొట్టే పెద్దమనుషులు. గాలి కూడా శత్రువే. సముద్రపుగాలి వీచిందంటే ఉపన్యాసం వినబడదు, బుసబుస వినబడుతుంది. అయితే అది వీచే గాలి. గాలి కదలకుండా ఒక్కచోట నిలిచి, బరువెక్కి మైకు మీద కూచుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నతో నా వ్యాపారానికి ఏనాడూ పనిపడలేదు. మా అక్కయ్య కాలికి దెబ్బ తగిలాక పడింది.

అక్కయ్యకు అరవై తొమ్మిదేళ్లు. చక్కెరజబ్బు ఇరవై ఏళ్లనాటిది. వైశాఖమాసం ఎండలో గుడిచుట్టూ ప్రదక్షిణలు చేసింది. రాళ్లు కాలుతున్నాయని పక్కవాళ్లు గంతులు వేస్తూంటే ఆవిడ నింపాదిగా నడిచింది. అరికాళ్లలో స్పర్శ ఏనాడో పోయింది మరి! బొబ్బ పుండయింది. పుండు నల్లబడింది. ఒక వేలు తీసేశారు. అయినా మానలేదు. "ఇలాగే వుంటే మోకాలు దాకా ఆలోచించవలసి వస్తుంది" అన్నారు కోసిన డాక్టరుగారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా మేనల్లుడికి నిద్ర లేదు. అక్కయ్య మాత్రం "నా కాలు, నా ఇష్టం. వున్నది వున్నట్టే కాశీకి తీసుకుపోతాను" అని కూచుంది.

ఇంకో డాక్టరుగారు విశాఖపట్నంలో ఒక ఆస్పత్రికి రాసి ఇచ్చారు. అక్కడ గాలిని బాగా వత్తి నింపిన గదిలో కూచోబెట్టి ప్రాణవాయువు పీల్పిస్తారట. మామూలుగా ప్రాణవాయువును రక్తంలో ఎర్రకణాలే మోస్తాయి. ఒత్తిడి పెంచితే అది రక్తద్రవంలో కూడా, సోడాలో గ్యాసు కరిగినట్టు, ఎక్కువగా కరుగుతుంది. సన్నబడిన నాళాల ద్వారా కూడా పుండుదాకా చేరే అవకాశం పెరుగుతుంది. ముప్ఫై పూటలు చేయాలన్నారు. మానుతుందని మాట ఇవ్వలేమని కూడా అన్నారు. అటువంటి డాక్టరు మీదే నాకు గురి కుదిరింది. గది తీసుకుని ముగ్గురం అక్కడే మకాం పెట్టాం.

గది అన్నానే గాని, అది గది కాదు. పెట్రోలు లారీ వెనక వుండే పీపా వంటిది. ఉక్కుతో చేసింది. గుండ్రని కిటికీలు, వాటికి బెత్తెడు మందాన పారదర్శకమైన పలకలు. లోపల ఆరుగురు రోగులు, వాళ్లను కనిపెట్టుకుని ఒక నర్సు. తలుపు బిగించి, గాలి పంపి, పావుగంటలో 2.4 వాతావరణాల ఒత్తిడికి తెస్తారు. అంటే 14 మీటర్ల లోతు నీళ్లలో మునిగినవాడి మీద వుండే ఒత్తిడన్నమాట. అప్పుడు రోగులు ముఖానికి మాస్కులు తగిలించుకుని స్వచ్ఛమైన ప్రాణవాయువు పీలుస్తారు. మధ్యమధ్య అయిదేసి నిమిషాలు మాస్కు తీసి మామూలు గాలి పీల్చాలి. అదేపనిగా పీలిస్తే ప్రాణవాయువు కూడా విషమే. ఒకొక్కరికి మూర్ఛ కూడా రావచ్చు.

లోపలికి వెళ్లేముందు జరిగే సోదా చూస్తే విమానాశ్రయం నయమనిపిస్తుంది. వాచీ వద్దు, సెల్‌ఫోను వద్దు, నైలాను గుడ్డ వద్దు, తలకు నూనె వద్దు. కోనసీమ ఆడమనిషిని కొబ్బరినూనె వద్దంటే ఎలా వుంటుందో మీరే ఊహించండి! "ముప్ఫై రోజులు నూనె లేకుండా ఎలాగమ్మా?" అని ఆ నర్సుతో పావుగంట తగువు వేసుకుంది. కాని ఆ నియమాల వెనక కన్నీళ్లున్నాయి. ప్రాణవాయువు ఎక్కువగా వున్నచోట నిప్పురవ్వ పడితే ఆర్పడానికి వ్యవధి వుండదు. 1967 జనవరి 27న అమెరికాలో నేలమీదే పరీక్ష జరుగుతూంటే, స్వచ్ఛమైన ప్రాణవాయువు నింపిన అపోలో గదిలో నిప్పు పుట్టి ముగ్గురు వ్యోమగాములు నిమిషాలలో పోయారు. అందుకే గాలిగదిలోకి పంపే మైకుకు కూడా, తీగ తెగినా రవ్వ రాలనంత కొద్ది కరెంటు మాత్రమే ఇస్తారు.

ఆ మైకు ఎప్పుడూ తెరిచే వుంటుంది. రోగి మీట నొక్కనక్కర లేదు. బయట మీటర్ల ముందు కూచున్న కుర్రవాడికి చెవిదగ్గర లౌడ్‌స్పీకరు. చెవి నెప్పి అని ఎవరన్నా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయన్నా, పెదవి అదురుతోందన్నా వెంటనే ఒత్తిడి ఆపాలి. లోపలివాళ్లకూ బయటి ప్రపంచానికీ వున్న దారి ఆ తీగే. పెళ్లిలో మైకు చెడితే పెళ్లి ఆగదు. ఇక్కడ మైకు చెడితే వైద్యం ఆగుతుంది.

మొదటిరోజు ఒత్తిడి ఎక్కిన పది నిమిషాలకు లౌడ్‌స్పీకరులోంచి ఒక గొంతు వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, చెవులు దిబ్బళ్లు పడ్డాయిరా!" మాట అక్కయ్యది. గొంతు మాత్రం ఆవిడది కాదు. పడిశం పట్టిన మనిషి గంగాళంలో తల పెట్టి మాట్లాడినట్టుంది.

మేనల్లుడి ముఖం పాలిపోయింది. "మామయ్యా, అమ్మకేదో అవుతోంది. లేకపోతే ఆ మైకన్నా పాడై వుండాలి. నువ్వు చెప్పు, ఏది?" అన్నాడు. వాడికి సమాధానం కావలసింది నా దగ్గరనుంచే. నేను లౌడ్‌స్పీకరు దగ్గరికి జరిగి శ్రద్ధగా విన్నాను. గరగర లేదు, గుయ్యిమన్న మోత లేదు. స, ష లు చక్కగా వినిపిస్తున్నాయి. ఇంతలో నర్సు మాట్లాడింది. ఆ అమ్మాయిదీ ముక్కుగొంతే. మరో పెద్దాయన మాట్లాడాడు, ఆయనదీ అంతే. "ఏడుగురికీ ఒక్కసారి పడిశం పట్టదురా. మైకూ బాగుంది, మీ అమ్మా బాగుంది. మారింది గాలి" అన్నాను.

మీటర్ల దగ్గర కుర్రవాడు నావంక చూసి నవ్వాడు. "తమరు ఈ లైనులో పనిచేశారా, మాస్టారూ?" అన్నాడు. ఆ రోజునుంచీ మాకు స్నేహం. ముప్ఫై రోజులు బయట బెంచీ మీద కూచునేవాడికి అంతకంటె కాలక్షేపం ఏముంది! అతను చెప్పిందీ, నా అనుభవంలో వున్నదీ, తరవాత చదివిందీ కలిపి చెబుతాను.

గాలిని వత్తితే అది చిక్కబడుతుంది. 2.4 వాతావరణాల దగ్గర, అదే వేడిమిలో, ప్రతి గరిటెడు గాలీ మామూలు గాలికంటె 2.4 రెట్లు బరువు. చిత్రమేమిటంటే, అందులో ధ్వని వేగం మారదు. 20 డిగ్రీల వేడిమిలో సెకండుకు సుమారు 343 మీటర్లు, బయటా అంతే, లోపలా అంతే. మరి గొంతెందుకు మారింది? మన నోరూ గొంతుకా కలిసి ఒక బుర్ర వంటివి. వీణకు బుర్ర ఎలాగో మాటకు అవి అలాగ. మామూలు గాలి తేలిక గనక బుగ్గలూ, గొంతు గోడలూ దానికి గట్టి గోడలే. గాలి చిక్కబడేసరికి ఆ మెత్తని గోడలు కూడా మాటతో పాటు ఊగడం మొదలుపెడతాయి. దానితో నోటిలోని అన్నింటికంటె కింది మోత కొంచెం పైకి జరుగుతుంది. వినేవాడికి ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. స్వీడను దేశపు గున్నార్ ఫాంట్ అనే ఆయన, సోనెసన్ అనే ఆయనతో కలిసి 1964లో ఈ సంగతి పరిశోధించి ప్రకటించారు.

వంతెనల పునాదులు తవ్వే కూలీలకు ఇది అంతకు ఎంతో ముందే అనుభవం. నది అడుగున బోర్లించిన పెద్ద పెట్టెలోకి గాలి పంపి, నీటిని వెళ్లగొట్టి, మనుషులు అందులో దిగి మట్టి తవ్వేవారు. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెనకు 1870 నుంచి అలాగే తవ్వారు. న్యూయార్కు వైపు పెట్టె 78 అడుగుల లోతుకు పోయింది. లోపల గొంతులు పీలగా, వింతగా వినిపించేవని అక్కడ పనిచేసినవాళ్లు రాశారు. ఒత్తిడి ఎక్కువైతే ఎంత ప్రయత్నించినా ఈల వేయలేకపోవడం అటువంటి పనివాళ్లందరికీ తెలిసిన వింత. అప్పటికి మైకు ఇంకా పుట్టలేదు. ఆ వంతెన ఇంజనీరు రోబ్లింగు 1872లో ఆ గాలిజబ్బుతోనే మంచాన పడితే, ఆయన భార్య ఎమిలీ ఆయన మాటను పనివాళ్లకు చేరవేస్తూ వచ్చింది. వంతెన 1883లో పూర్తయింది. పదకొండేళ్లపాటు ఆ ఇల్లాలే ఆయనకు మైకు అనుకోవచ్చు.

సరే, మైకు సంగతికి వద్దాం. మైకులో ఒక పలచని పొర వుంటుంది. మాట తగిలితే పొర కదులుతుంది. ఆ కదలికే కరెంటవుతుంది. నోటికి దగ్గరగా మాట్లాడితే ఆ పొరమీద మాట ఒత్తిడి ఎంతో తెలుసునా? వాతావరణపు ఒత్తిడిలో లక్షో వంతు. అంటే పాపం ఆ పొర లక్ష మణుగుల బరువు నెత్తిన వుండగా, దానిమీద వాలిన ఒక్క మణుగును గుర్తించాలి! ఇది ఎలా సాధ్యం? పొరకు రెండువైపులా గాలి వుంటుంది కనుక. ముందునుంచి ఎంత బరువో వెనకనుంచీ అంతే. ఆ సమానం ఎప్పుడూ చెడకుండా వెనక గాలికి ఒక సన్నని దారి పెడతారు. మాట లోపలికి దూరలేనంత సన్నం. నెమ్మదిగా మారే గాలిబరువు మాత్రం దూరుతుంది.

మన చెవీ అంతే. కర్ణభేరి వెనకనుంచి గొంతులోకి ఒక నాళం వుంది. విమానం దిగేటప్పుడు ఉమ్మి మింగితే టప్పుమని తెరుచుకునేది అదే. అక్కయ్య చెవులు దిబ్బళ్లు పడితే నర్సు ముక్కు మూసి ఊదమంది, తేలిపోయింది. మైకుకు ముక్కు లేదు, ఊదలేదు. దాని రంధ్రం తెరిచి వుండడం ఒక్కటే దానికి దిక్కు. అందుకే ఒత్తిడిని గభాలున కాక నిదానంగా పెంచడం మనిషికీ మంచిది, మైకుకీ మంచిది.

రంధ్రం బాగుంటే మైకుకు అసలు నష్టమే లేదా అంటే, కొద్దిగా వుంది. వెనకవున్న గాలి కూడా చిక్కబడి బిర్రుగా వుంటుంది గనక పొర కాస్త తక్కువ ఊగుతుంది. కొలతలకు వాడే మంచి కండెన్సరు మైకులలో, ఒత్తిడి ఒక కిలోపాస్కలు పెరిగితే శక్తి సుమారు డెసిబెల్‌లో నూరో వంతు తగ్గుతుంది. మా అక్కయ్య గదిలో పెరిగింది 140 కిలోపాస్కళ్లు. అటువంటి మైకు పెడితే తగ్గేది ఒకటిన్నర డెసిబెల్ కూడా కాదు. ఆంప్లిఫయరు మీట వెంట్రుకవాసి తిప్పితే సరిపోతుంది. హెచ్చుస్థాయిలో తేడా కొంచెం ఎక్కువ. అంతకంటె బాధించేది గాలి లోపలికి వచ్చేటప్పటి బుస్సుమనే మోత, ఉక్కుగోడల ప్రతిధ్వని, ఒత్తిడి దింపేటప్పుడు గాలి చల్లబడి పట్టే మంచు. ఆ మంచు పొరమీద కూచుంటే మైకు దగ్గుతుంది.

హీలియం వాయువు కథ వేరు. సముద్రంలో బాగా లోతుకు పోయేవాళ్లు దాన్ని కలిపి పీలుస్తారు. అందులో ధ్వని గాలిలోకంటె సుమారు మూడు రెట్లు వేగంగా పోతుంది. 1965లో స్కాట్ కార్పెంటర్ అనే వ్యోమగామి కాలిఫోర్నియా తీరాన 205 అడుగుల లోతున, సీలాబ్ అనే ఇంట్లో ముప్ఫై రోజులున్నాడు. పైకి వచ్చి ఇంకా ఒత్తిడి గదిలో వుండగానే అధ్యక్షుడు జాన్సనుతో టెలిఫోనులో మాట్లాడాడు. దేశాధ్యక్షుడికి వినిపించింది బాతు కూత! టెలిఫోను తప్పేమీ లేదు. అక్కయ్య గదిలో హీలియం లేదు గనక ఆవిడ గొంతు ముక్కులోకి పోయిందే గాని, బాతు దాకా పోలేదు.

పదకొండోరోజున నిజంగానే మైకు చెడింది. గాలి ఎక్కుతున్నకొద్దీ మాటలు సన్నబడి, దూరమై, చివరకు ఏమీ వినబడలేదు. కిటికీలోంచి నర్సు పెదవులు కదలడం కనిపిస్తోంది. మేనల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి చెయ్యి చల్లగా వుంది. కుర్రవాడు తొణకలేదు. గాలి పంపడం అక్కడికక్కడే ఆపి, గోడనున్న మరో టెలిఫోను తీశాడు. లోపల నర్సు కూడా దాని జతను తీసింది. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. మాట తగిలి పొర ఊగితే, అయస్కాంతం దగ్గరి తీగచుట్టలో ఆ ఊపుకే కరెంటు పుడుతుంది. బెల్ తొలిరోజుల్లో చేసిన టెలిఫోన్ల కిటుకు అదే. ఓడలలో ఇప్పటికీ వాడతారు. అందరూ క్షేమమే అని నర్సు చెప్పింది. నిదానంగా ఒత్తిడి దింపి, తలుపు తీసి, మైకు మార్చారు.

విప్పిన మైకును కుర్రవాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వెనక తిప్పి చూశాను. అది వదులుగా కదులుతోందని ఎవరో వెనకభాగానికి బిగుతుగా ప్లాస్టరు చుట్టారు. ఊపిరి దారులన్నీ మూసుకుపోయాయి. ముందువైపు బరువు పెరుగుతోంది, వెనక పెరగడంలేదు. రెండు సెంటీమీటర్ల అడ్డంవున్న పొరమీద పూర్తి ఒత్తిడిలో పడే అదనపు బరువు లెక్కవేస్తే నాలుగు కిలోల పైమాటే. కాగితంలాంటి పొర మీద నాలుగు కిలోల బియ్యం మూట పెట్టి మాట్లాడమంటే ఏం మాట్లాడుతుంది? బయట మాత్రం ఆ మైకు భేషుగ్గా పనిచేసేది. బయట పరీక్షించి లోపల పెట్టడంలోని చిక్కు అదే. మర్నాటినుంచి లోపల పెట్టే ప్రతి మైకునూ రోగులు లేకుండా ఒకసారి ఒత్తిడికెక్కించి చూడడం మొదలుపెట్టారు.

ఇరవై రెండోరోజు మాట చెప్పి ముగిస్తాను. ఆ పూట లోపల ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడు వున్నాడు. యంత్రంలో పడి చెయ్యి నలిగింది. తల్లి పక్కన కూచున్నా, ఆ మాస్కూ ఆ మోతా చూసి గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. మాస్కులు తీసే అయిదు నిమిషాలు వచ్చాయి. లౌడ్‌స్పీకరులో ఏడుపు, దాని వెనకనుంచి సన్నగా ఒక పాట వచ్చాయి. అక్కయ్య మంగళహారతి పాడుతోంది!

ఇందులో విశేషమేమిటంటారా? మా ఊళ్లో ఏ పెళ్లికైనా హారతికి ఆవిడే వెళ్లాలి. కాని జిల్లాకంతటికీ మైకులిచ్చే తమ్ముడుండి కూడా, జన్మలో ఒక్కసారి మైకు ముందు పాడలేదు. "ఇంట్లో పాడుకునేది ఊరికి చాటడం ఎందుకురా?" అనేది. ఎందరు బతిమాలినా మైకును చేత్తో పక్కకు తోసేసేది. ఆ మనిషి ఈవేళ, తెరిచివున్న మైకుకింద కూచుని, ముక్కుగొంతుతో పాడుతోంది. నేను శ్రుతి పట్టుకుని విన్నాను. మందరంలో గొంతు గుర్తుపట్టలేనట్టుంది. అయినా ఒక్క స్వరం తన చోటునుంచి జరగలేదు. స్వరాన్ని పుట్టించేవి కంఠంలోని తంత్రులు. వాటి పట్టు గాలిబరువుకు లొంగలేదు. మారిందల్లా బుర్ర మోతే. పిల్లవాడి ఏడుపు తగ్గి, ఎక్కిళ్లయి, ఆగిపోయింది. మీటర్లముందు కుర్రవాడు లౌడ్‌స్పీకరు మీట ఒక గీత పెంచాడు. మేనల్లుడు కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. వాణ్ణి పలకరించలేదు నేను.

ముప్ఫై పూటలూ అయ్యాయి. పుండు అడుగున ఎర్రని మాంసం పట్టింది. గాలిగదితోబాటు రోజూ కట్టు మార్చిన నర్సులకూ, చక్కెరను అదుపులో పెట్టిన మందులకూ అందులో వాటా వుందని డాక్టరుగారే చెప్పారు. పూర్తిగా పూడడానికి మరి నాలుగునెలలు పట్టింది. అక్కయ్య ఇప్పుడు నాలుగువేళ్ల పాదంతో, మెత్తని చెప్పులతో, ఇంట్లోనూ పెరట్లోనూ తిరుగుతోంది. చెప్పులు లేకుండా గుమ్మం దాటనివ్వడంలేదు మేనల్లుడు. నూనె సీసా తిరిగి చేతికి వచ్చిన రోజున ఆవిడ ముఖం చూడాలి!

ఊరికి తిరిగివచ్చేటప్పుడు రైల్లో నాదగ్గర మాట పుచ్చుకుంది. "నేను మైకులో పాడానని ఊళ్లో ఎవరితోనూ అనకురా. రేపటినుంచి ఒక్క పెళ్లివారూ నన్ను ఊరుకోనివ్వరు" అంది. నేను మాట నిలబెట్టుకున్నాను. ఊళ్లో ఎవరితోనూ అనలేదు, రాశానంతే. కాని చిక్కేమిటంటే, శుక్రవారం పత్రిక రాగానే మా ఇంట్లో ముందుగా తెరిచేది ఆవిడే. సీరియలు చదివిగాని కాఫీ తాగదు. ఈ వారం పోస్టుమాను కోసం నేనే వీధి అరుగుమీద కాపలా కాయాలి.